మోటారు కాలితే వైండింగునే తిట్టేవాళ్లం

ఇరవై ఏళ్లకు పైగా ఏం ఉద్యోగం చేశావని ఎవరైనా అడిగితే, తిరుగుతున్న మోటారు మీద అరచెయ్యి పెట్టి చూడటం అని చెబుతాను. నవ్వుతారు. నిజానికి అంతకంటే పెద్దగా ఏమీ లేదు. హిందూపురం పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీ మాది. మూడు, ఐదు, ఏడున్నర హార్స్‌పవర్ మోటార్లు తయారుచేసేవాళ్లం. తయారైన ప్రతి మోటారూ బయటికి పోయేముందు నా టెస్టింగు బల్ల మీదికి వచ్చేది. దాన్ని తిప్పి, మీటర్లు చూసి, శబ్దం విని, చెయ్యిపెట్టి చూసి, బాగుందనుకుంటే రంగులు వేసే షెడ్డుకు పంపేదాన్ని. తొంభైల మొదట్లో చేరాను. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసిన ఆడపిల్ల మిషన్ల మధ్య నిలబడి పనిచెయ్యడం అప్పటికి మా ఊళ్లో కొత్త. మొదటి నెలంతా సరుకు దింపడానికి వచ్చిన లారీవాళ్లు నన్ను చూసి, "ఆఫీసు యాడుండాదమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు.

ఇది ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లల కోసం రాస్తున్నాను. జీతాలు, ప్రమోషన్లు, ఫైళ్ల సంగతి మీకు ఎవరైనా చెబుతారు. నేను చేసిన రెండు తప్పులు మాత్రం నేనే చెప్పాలి. రెండూ మోటారు లోపల తిరిగే రోటరు దగ్గర చేసినవే.

అవ్వ అడిగిన ప్రశ్న

మా ఓనరు కృష్ణప్పగారు చదివింది ఏడో తరగతి. బెంగళూరులో ఒక రిపేరు అంగడిలో ఏళ్ల తరబడి పనిచేసి, ఆ అనుభవంతో ఈ ఫ్యాక్టరీ పెట్టారు. కాఫీ తాగనిదే ఏ కాగితం మీదా సంతకం చేసేవారు కాదు. సంతోషంగా ఉంటే తెలుగులో, కోపం వస్తే కన్నడంలో మాట్లాడేవారు. అందుకని ఫ్యాక్టరీలో అందరికీ కన్నడం బాగా వచ్చింది.

నేను చేరిన వారానికి ఆయన, నిలువునా రెండు చెక్కలుగా కోసిన ఒక పాత రోటరు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"ఇదేందో చెప్పు సరోజమ్మా."

పుస్తకంలో ఉన్నదంతా గడగడా అప్పజెప్పాను. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు.

"బాగా చెప్పినావు. ఇంటికి తీసుకపోయి మీ అవ్వకు చెప్పు. ఆయమ్మకు అర్థమైతే నీకు వచ్చినట్టు."

ఒక చెక్కను పేపర్లో చుట్టి నిజంగానే ఇంటికి తీసుకుపోయాను. అవ్వ వసారాలో కూర్చుని రాగులు చెరుగుతోంది. పక్కన కూర్చుని చెప్పాను. మోటారులో రెండు భాగాలు ఉంటాయి. బయటిది కదలదు, దాంట్లో రాగితీగ చుట్టి కరెంటు ఇస్తాం. ఆ చుట్టునే వైండింగు అంటాం. లోపల తిరిగేది ఈ రోటరు. ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి బెజ్జాల్లోకి కరిగిన అల్యూమినియం పోస్తారు. అది గట్టిపడి కడ్డీలవుతుంది. రెండు కొసల్లో గాజుల్లాంటి రెండు రింగులు కడ్డీలన్నిటినీ కలుపుతాయి. చూస్తే చిలక పంజరం లాగా ఉంటుంది. దీనికి ఏ తీగా తగలదు. బయటి వైండింగు పుట్టించే అయస్కాంత బలానికి ఈ కడ్డీల్లో కరెంటు దానంతటదే పుడుతుంది. ఆ బలంతోనే తిరుగుతుంది.

అవ్వ చేట పక్కనపెట్టి రోటరు చెక్కను తడిమి చూసింది.

"కరెంటు పుడితే కాక పుడతాదిగదా. ఇది చూస్తే నడిమధ్యన ఉండాది. ఆ కాక యాటికి పోతాది?"

మర్నాడు ఆ ప్రశ్న కృష్ణప్పగారికి చెబితే కాఫీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వారు.

"మీ అవ్వనే పనిలో పెట్టుకొనుంటే పోయేది. చూడమ్మా, బయటి బాడీకి ఫ్యాను గాలి తగలతాది. లోపలుండే రోటరు కాక బయటికి పోయే దావలు రెండే. ఒకటి ఇరుసు గుండా బేరింగులకు. ఇంకోటి, వెంట్రుకంత సందు దాటి వైండింగుకు. రోటరు కాక ఎక్కువైతే ముందు చచ్చేది వైండింగు. జనం మాత్రం వైండింగు చుట్టినోణ్ణి తిడతారు."

ఆ మాటను శ్రద్ధగా నోటుపుస్తకంలో రాసుకున్నాను. అవసరమైన రోజున మాత్రం నాకు గుర్తుకు రాలేదు.

మస్తాన్ తెచ్చిన సంచి

నాలుగైదేళ్లు గడిచాయి. ధర్మవరంలో పట్టుదారం మెలిపెట్టే ఒక యూనిట్టుకు మేము ఆరు మోటార్లు అమ్మాం. ఆ ఎండాకాలం వాటిలో రెండు కాలిపోయాయి. ఆ ఊళ్లోనే రీవైండింగు అంగడి నడిపే మస్తాన్ వాటికి కొత్త తీగ చుట్టి ఇచ్చాడు. మూడు వారాలకు మళ్లీ కాలాయి. మళ్లీ చుట్టాడు. మళ్లీ కాలాయి. మస్తాన్ నాసి తీగ వాడుతున్నాడని యూనిట్టు యజమాని ఊరంతా చెప్పడం మొదలుపెట్టాడు.

ఒకరోజు పొద్దున్నే మస్తాన్ ధర్మవరం బస్సు దిగి మా ఫ్యాక్టరీకి వచ్చాడు. నలభై దాటిన మనిషి. వాళ్ల నాయన కాలం నుంచీ అదే పని. చేతిలో గుడ్డ సంచి. అరవలేదు, గొడవపడలేదు. సంచిలోంచి కాలిన తీగ చుట్టలు తీసి నా బల్ల మీద వరసగా పరిచాడు.

"మేడం, నేను తప్పు చేసింటే యాడో ఒక చోట కాలతాది. ఇవి చూడండి. అన్ని చుట్టలూ ఒకే మాదిరి మాడినాయి. రోటరు పక్క ఇంకా నల్లగా ఉండాయి. నాకేమో ఇది లోపల్నుంచి వచ్చిన కాక అనిపిస్తాండాది."

ఇంత స్పష్టంగా చెప్పాడు. కాలిన చుట్టలు నా కళ్ల ముందే ఉన్నాయి. నేనేమన్నానో ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

"తీగకు పట్టించిన వార్నిషు సరిగా ఆరకముందే బిగించింటావు మస్తానన్నా" అన్నాను.

అతను చుట్టలన్నీ మళ్లీ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

కృష్ణప్పగారు నన్ను ధర్మవరం వెళ్లి చూసి రమ్మన్నారు. వెళ్లాను. కాలకుండా మిగిలిన మా మోటారు ఒకదానికి ఆంపియర్ మీటరు పెట్టి చూస్తే కరెంటు సరిగానే ఉంది. ఓల్టేజి కొంచెం తక్కువ, అంతే. ఆ మోటారు నడిపే మిషను దగ్గర ఓబుళమ్మ అనే ఆమె పనిచేస్తోంది. పన్నెండేళ్లుగా అదే షెడ్డులో ఉందట. తెగిన దారం ముడివేస్తూ ఆమె అంది:

"పొద్దున బాగా పోతాది మేడం. మధ్యాన్నానికి మిషను బరువెక్కతాది. శబ్దం మారిపోతాది. పక్కనుండే పాత మోటారు అట్లా కాదు, పొద్దున ఎట్లో సాయంత్రమూ అట్లే."

"ఎండలుగదక్కా, అట్లే అనిపిస్తాది" అని చెప్పి, రీవైండింగు లోపమని రిపోర్టు రాసి బస్సెక్కాను.

ఆ రిపోర్టు యూనిట్టు యజమాని నలుగురికీ చూపించాడు. మస్తాన్ అంగడికి పని రావడం తగ్గిపోయింది.

తిరుగుడు లెక్క

ఇంకో నెలకు అదే యూనిట్టులో మూడో మోటారు కాలింది. దాన్ని మస్తాన్ ఎప్పుడూ విప్పలేదు. మా ఫ్యాక్టరీలో చుట్టిన చుట్టు అది. నా బల్ల మీద నుంచి, నేను బాగుందని పంపిన మోటారు. విప్పి చూస్తే అన్ని చుట్టలూ ఒకే మాదిరి మాడి, రోటరు పక్క ఇంకా నల్లగా ఉన్నాయి.

మర్నాడు టాకోమీటరు తీసుకుని ధర్మవరం వెళ్లాను. అదొక చేతిలో పట్టుకునే పరికరం. దాని రబ్బరు మొనను తిరుగుతున్న ఇరుసు కొసకు ఆనిస్తే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపిస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు దాన్ని సంచిలోంచి తియ్యనే లేదు.

పాత మోటారు నిమిషానికి పద్నాలుగు వందల ముప్పై చుట్లు తిరుగుతోంది. సరిగ్గా దాని బాడీకి కొట్టిన బిళ్ల మీద రాసినంత. పక్కనే అదే పని చేస్తున్న కొత్త మోటారు పద్నాలుగు వందలు. మధ్యాహ్నం దాకా అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. ఓబుళమ్మ తన డబ్బాలోంచి సద్దిరొట్టె సగం విరిచి ఇచ్చింది. రెండు గంటలకు మళ్లీ చూశాను. పాతది అదే పద్నాలుగు వందల ముప్పై. కొత్తది పదమూడు వందల డెబ్భై ఐదు.

"నేను చెప్పింది ఇదే మేడం" అంది ఓబుళమ్మ. ఆమె గొంతులో దెప్పిపొడుపు లేదు. మీటరు కూడా తన మాటే చెప్పినందుకు సంతోషం ఉంది.

ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోండి. రోటరు కడ్డీల్లో కరెంటుకు అడ్డు ఎక్కువైతే మోటారు వేగం తగ్గుతుంది. తగ్గిన వేగమంతా రోటరులో వేడిగా మారుతుంది. వేడెక్కిన కడ్డీ కరెంటును ఇంకా అడ్డుకుంటుంది, వేగం ఇంకా తగ్గుతుంది. బయట పెట్టిన ఆంపియర్ మీటరుకు ఇదేమీ తెలియదు. టాకోమీటరుకు తెలుస్తుంది. ఓబుళమ్మ చెవికి నెల ముందే తెలిసింది.

లారీ పిస్టన్లు

హిందూపురం బస్సు దిగి నేరుగా మా పోతపోసే షెడ్డుకు వెళ్లాను. రోటర్లకు వాడాల్సింది స్వచ్ఛమైన అల్యూమినియం దిమ్మెలు. అక్కడ దిమ్మెల పక్కన ఒక కుప్ప ఉంది. సొట్టపడిన గిన్నెలు, చిల్లుల కుక్కర్లు, ఎక్కువ భాగం పాత లారీ పిస్టన్లు. ఒక పిస్టన్ తీసుకుపోయి కృష్ణప్పగారి టేబులు మీద పెట్టి, ధర్మవరంలో చూసిందంతా చెప్పాను.

కన్నడం వినడానికి సిద్ధపడే వెళ్లాను. ఆయన నోట కన్నడం రాలేదు. పిస్టన్‌ను చేతిలో తిప్పి తిప్పి చూశారు.

"ఇంజన్లో మంటకు తట్టుకోవాలని దీంట్లో వేరేవి కలిపింటారమ్మా. కరెంటు పోయే దావకు ఇది పనికిరాదు. నాకు తెలుసు. తెలిసి కూడా, అంతా అల్యూమినియమే గదా, నాలుగు దుడ్లు మిగలతాయి, కరిగించేయమని నేనే చెప్పినా."

బాసుల గురించి నా అభిప్రాయం అడిగితే ఆ రోజునే చెబుతాను. తప్పు చెయ్యని బాసును నేను చూడలేదు. తన తప్పు తెలిసిన రోజున ఎవరి మీదికి నెడతాడో చూసి మనిషిని అంచనా వెయ్యండి. కృష్ణప్పగారు పోతపోసే మనిషిని పిలిపించి కేకలెయ్యలేదు. కాఫీ కూడా అడగలేదు. మర్నాడు పొద్దున నన్ను కారులో ఎక్కించుకుని ధర్మవరం బయల్దేరారు.

ముందు యూనిట్టుకు, తర్వాత నా రిపోర్టు చూసిన ప్రతి చోటికీ వెళ్లాం. ప్రతి చోటా ఆయన ఒకటే మాట చెప్పారు. "తప్పు మా రోటరుది. మస్తాన్ వైండింగు బాగుండాది. కొత్త రోటర్లు మేమే తెచ్చి వేస్తాం."

చివరికి మస్తాన్ అంగడికి వెళ్లాం. ఒక్క మోటారు ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను చెప్పాల్సింది దారంతా మనసులో కూర్చుకున్నాను. తీరా అక్కడికి పోయాక, "నువ్వు చెప్పిందే నిజం మస్తానన్నా, నేను వినలేదు, తప్పయింది" అనడం తప్ప ఏమీ రాలేదు.

అతను లేచి మాకు స్టూళ్లు వేసి, టీ తెప్పించాడు.

"అది కాయితం మీద రాసిస్తారా మేడం? పోయిన తూరి రాసినారు గదా, అట్లే సీలు వేసి."

అక్కడే కూర్చుని రాసిచ్చాను. కృష్ణప్పగారు సంతకం చేశారు. ఆ కాగితానికి అద్దం కట్టించి మస్తాన్ అంగడిలో క్యాలెండరు పక్కన తగిలించాడు. ఆ తర్వాత నేను ధర్మవరం ఎప్పుడు వెళ్లినా, కొత్తగా వచ్చినవాళ్లకు దాన్ని చూపించి, "రాసింది ఈయమ్మే" అని నన్ను పరిచయం చేసేవాడు. ఎంత నవ్వుతూ చెప్పేవాడో, నాకు అంత తల కొట్టేసినట్టుండేది. ఆ ఏడాది దసరాకు అతని అంగడిలో మోటార్లు మళ్లీ బయట మెట్ల దాకా పేరుకున్నాయి.

రాగి మోజు

ఒక దెబ్బ తగిలిన మనిషి బుద్ధి తెచ్చుకుంటుందని మీరు అనుకోవచ్చు. నేను బుద్ధి బదులు మోజు తెచ్చుకున్నాను. స్వచ్ఛమైన అల్యూమినియమే ఇంత మేలైతే రాగి ఇంకెంత మేలో అనుకున్నాను. రాగి కరెంటును ఇంకా సులువుగా పోనిస్తుంది. రెండు వేల సంవత్సరం తర్వాత బోరుబావుల మోటార్లకు రాగి కడ్డీల రోటర్లు మొదలుపెట్టాం. గోరంట్ల, ఆమడగూరు పక్క రైతులు కొన్నారు. చక్కగా నడిచాయి. బోరు గొట్టం ఇరుకు, అందులో మోటారు సన్నగా ఉండాలి, వేడి తక్కువ పుట్టాలి. అక్కడ రాగి బంగారమే. నాకు తల తిరిగింది. వేడెక్కుతోందని ఎవరు ఫిర్యాదు చేసినా రాగి రోటరు వేద్దాం సార్ అనేదాన్ని.

కృష్ణప్పగారు ఒకసారి అన్నారు. "రాగి మంచిదే సరోజమ్మా. ఎవరికి మంచిదో కూడా అడుగు."

పెనుకొండలో నారాయణరెడ్డిగారికి శెనక్కాయలు ఒలిచే మిల్లు ఉండేది. ఏడున్నర హార్స్‌పవర్ మోటారు, మాదే. బాగా వేడెక్కుతోందని ఫోను చేశారు. నేను వెళ్లి, మిల్లు ఎట్లా నడుస్తుందో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, అల్యూమినియం రోటరు తీయించి రాగిది వేయించాను. రెండు వారాలు మెచ్చుకోలు. మోటారు చల్లగా ఉందని రెడ్డిగారే ఫోను చేసి చెప్పారు.

ఆ తర్వాత కాయల సీజను వచ్చింది. చుట్టూ పొలాల్లో మోటార్లన్నీ ఆడటంతో ఓల్టేజి పడిపోయింది. కరెంటు రోజుకు పదిసార్లు పోయి వచ్చేది. మిల్లు నడుస్తుండగా కరెంటు పోతే, ఒలిచే డ్రమ్ము నిండా కాయలు అట్లాగే ఉండిపోతాయి. పాత రోటరైతే కరెంటు రాగానే ఆ బరువుతో సహా లేచేది. రాగి రోటరు లేవలేదు. గుయ్యిమంటూ మూలిగి, స్టార్టరు దానంతటదే పడి కరెంటు కట్టయ్యేది.

నేను వెళ్లేసరికి ఏడుగురు ఆడవాళ్లు డ్రమ్ములో చేతులు పెట్టి సగం నలిగిన కాయలు తోడుతున్నారు. కరెంటు పోయిన ప్రతిసారీ అదే పనట. చేతులనిండా గీతలు. వాళ్లలో ఒకామె నన్ను చూసి చెప్పింది.

"కొత్త మోటారు చల్లగా ఉండాది మేడం. మా చేతులే మండతాండాయి."

నిలబడి ఉన్న మోటారు కదలాలంటే రోటరు కడ్డీల్లో కరెంటుకు కొంత అడ్డు ఉండాలి. మొదటి తోపు ఇచ్చేది ఆ అడ్డే. రాగిలో అది తక్కువ. పరుగు మీద ఉన్నంతసేపూ చల్లగా, హాయిగా ఉంటుంది కానీ, బరువుతో లేవమంటే లేవదు. పైగా ఓల్టేజి సగమైతే తోపు పావు వంతుకు పడిపోతుంది. ఇదంతా నా డిప్లొమా పుస్తకంలోనే ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

కాబట్టి ఏ లోహం గొప్పదని నన్ను అడగకండి. ఆ మోటారు ఏం నడుపుతుంది, ఖాళీగా లేస్తుందా బరువుతో లేస్తుందా, ఆ ఊళ్లో ఓల్టేజి ఎంత, రోజుకు ఎన్నిసార్లు ఆగుతుంది అని ముందు అడగండి. వేడిగా ఉందని మోటారును మార్చేముందు ఆ వేడి దేనివల్ల వచ్చిందో చూడండి. రెడ్డిగారి మిల్లులో అసలు తప్పు రోటరుది కాదని ఆ రోజు తెలిసింది. మోటారు వెనక ఫ్యాను మూత నిండా కాయల పొట్టు, దుమ్ము దట్టంగా పేరుకుని గాలి ఆడటం లేదు. మొదటిసారి వచ్చినప్పుడే ఒక బ్రష్షు తీసుకుని తుడిచి ఉంటే సరిపోయేది. ఆ ఒక్క పని చెయ్యక నేను మోటారు గుండె మార్చాను.

రెడ్డిగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు మీసం దువ్వుకున్నారు. "పొట్టు తుడిచేదానికి హిందూపురం నుంచి వచ్చినావా తల్లీ" అన్నారు. కోపంగా కాదు.

వారంలో మంచి అల్యూమినియంతో పోసిన రోటరు తెచ్చి బిగించాం. ఫ్యాను మూతకు జల్లెడలాంటి తొడుగు వేయించాను. ఈసారి మాత్రం పరీక్ష చెయ్యకుండా కదలనని చెప్పాను. డ్రమ్ము నిండా కాయలు పోయించి, మిల్లు నడుస్తుండగా మెయిన్ స్విచ్చి తీయించాను. డ్రమ్ము ఆగిపోయింది. ఆడవాళ్లు ఏడుగురూ చేతులు కొంగుల్లో దాచుకుని నిలబడ్డారు. ఓల్టేజి చూస్తే మూడు వందల ముప్పై దాటడం లేదు, ఉండాల్సింది నాలుగు వందల పదిహేను. పరీక్షకు అదీ మంచిదే అనుకుని, స్టార్టరు బటన్ నేనే నొక్కాను.

మోటారు ఒకసారి మూలిగింది. బెల్టు బిగిసింది. డ్రమ్ము అర చుట్టు కదిలింది, ఇంకో అర చుట్టు, తర్వాత కాయలు గలగలమంటూ పరుగందుకుంది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. సాయంత్రం దాకా ఉండి, ఇంకో ఐదుసార్లు ఆపించి లేపించాను. ఐదుసార్లూ లేచింది.

వెళ్లిపోయేముందు అలవాటు ప్రకారం మోటారు మీద చెయ్యి పెట్టాను. రాగి రోటరు ఉన్నప్పటి చల్లదనం లేదు. చెయ్యి కాలేంత కాదు గానీ, వెచ్చగానే ఉంది. సంజాయిషీ చెప్పబోతే నారాయణరెడ్డిగారు కూడా నా చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టి చూశారు.

"ఉండనీలేమ్మా" అన్నారు. "పనిచేసే దానికి ఈమాత్రం కాక ఉంటాది."